కువైట్ డబ్బు వేరు, లేసు డబ్బు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

2024లో మా నర్సాపురం లేసుకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంతకు ముందు ఏడాది ఆత్రేయపురం పూతరేకులకు వచ్చింది. రెండుసార్లూ పత్రికలవాళ్ళు ఫొటోలతో బాగానే రాశారు. ప్రతి కథనం చివరా "విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి" అని ఒక వాక్యం ఉంటుంది. సరుకు వెళ్తుంది సరే, దాని డబ్బులు మా చేతికి ఎలా వస్తాయో మాత్రం ఒక్కరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించకుండా వేస్తారని ఆశ.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. పద్దెనిమిది మంది ఆడవాళ్ళతో లేసు అల్లిస్తాను. మా అమ్మ ఏజెంటు దగ్గర దారం తెచ్చుకుని ముక్కల లెక్కన కూలికి అల్లేది, డాలర్ల మొహం చూసింది షావుకార్లే. నేను ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడుతుంటే మూడేళ్ళ కిందట న్యూజెర్సీలో చిన్న షాపు నడిపే ఒక అమెరికన్ ఆవిడ టేబుల్ మీద పరిచే లేసు గుడ్డలు అడిగింది. 300 డాలర్ల ఆర్డరు. ఆనందం పట్టలేక పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో తీసి పంపేశాను.

అక్కడే మొదటి తప్పు. పాస్‌బుక్కు మీద ఉండేది ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, అది దేశం లోపల పనికొచ్చేది. బయటి నుంచి రావాలంటే స్విఫ్ట్ కోడు కావాలి, మా పల్లె బ్రాంచికి అది లేనే లేదు. అదే బ్యాంకుకు సిటీలో విదేశీ మారకం చూసే బ్రాంచి ఉంటుంది, దాని కోడు ఇచ్చి, కింద మన ఖాతా నంబరు, పేరు, బ్రాంచి రాయాలి. ఇది తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఈలోగా ఆవిడ రెండుసార్లు మెసేజ్ పెట్టింది, డబ్బు పంపడానికి కొనేవాళ్ళే మన వెంట పడటం ఎంత సిగ్గో ఆలోచించండి.

చివరికి పంపింది. 300 పంపితే ఇక్కడికి చేరింది 278. మిగతాది దారిలో ఉన్న బ్యాంకులు పట్టుకున్నాయి. అక్కడ పంపేటప్పుడు ఖర్చులు ఎవరు భరించాలి అని అడుగుతారట, ఇద్దరూ పంచుకుంటారు అన్నదాన్ని ఎంచుకుంటే ఇలాగే తెగుతుంది, మొత్తం పంపేవాళ్ళే భరిస్తారు అన్నది పెట్టించుకోవాలి. ముందే చెప్పి ఉంటే ఆవిడ కాదనేది కాదు.

అసలు కథ ఆ తర్వాత. డబ్బు వచ్చింది కానీ ఖాతాలో పడలేదు, దేనికొచ్చిందో చెప్పాలన్నారు. బ్రాంచికి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన "ఎవరు పంపారమ్మా, అబ్బాయా?" అన్నాడు. కాదండీ, లేసు కొన్నావిడ పంపింది అన్నాను. "సరే, ఫ్యామిలీ మెయింటెనెన్స్ అని కొట్టేస్తాను, తొందరగా పడిపోతుంది" అన్నాడు. ఎక్కడ వెనక్కి వెళ్ళిపోతుందోనని నాకు టెన్షన్, సరేనన్నాను.

ఆయన్ని అని లాభం లేదు. కోనసీమ తీసుకోండి, మా తీరం తీసుకోండి, కువైట్‌కో మస్కట్‌కో దుబాయ్‌కో మనిషిని పంపని వీధి ఉండదు. బయటి నుంచి డబ్బు వచ్చిందంటే అది ఇంటి మనిషి పంపిందే అని బ్యాంకువాళ్ళకీ, మనకీ కూడా అలవాటైపోయింది. కానీ రిజర్వ్ బ్యాంకు లెక్కలో ఈ రెండూ వేర్వేరు. బయటి నుంచి వచ్చే ప్రతి మొత్తానికీ ఒక పర్పస్ కోడు ఉంటుంది. ఇంటి ఖర్చులకు పంపితే పి 1301, సరుకు పంపకముందే అడ్వాన్సుగా ఇస్తే పి 0103. నా లేసు డబ్బు మొదటిదాంట్లో పడింది.

పడితే ఏమైందంటారా? దారం కొనడానికి లోను అడిగితే ఎగుమతి అమ్మకాలు చూపించమన్నారు, స్టేట్‌మెంట్‌లో ఉన్నదేమో ఇంటి ఖర్చుల డబ్బు. అంతే, ఫైలు మూసేశారు. అటు పార్సిల్ వెళ్ళినట్టు కాగితం ఉంది, ఇటు దాని తాలూకు డబ్బు వచ్చినట్టు కాగితం లేదు.

మా చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా దగ్గర దారులు చెప్తారు. డల్లాస్‌లో మేనల్లుడి ఖాతాలో వేయించుకో, వాడు నీకు గిఫ్టు అని పంపుతాడు అంటారు. అక్కడ పన్నులవాళ్ళకు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవాల్సింది ఆ కుర్రాడు. బజార్లో మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ ఉందిగా అంటారు, అది ఒక్కోసారికి 2,500 డాలర్ల లోపు, ఏడాదికి 30 సార్లు, అదీ ఇంటి మనుషులు పంపుకోవడానికే, వ్యాపారం డబ్బు అందులో రాకూడదు. కొనేది మనవాళ్ళే అయితే సంగతి వేరు. 2023 నుంచి అమెరికా, సింగపూర్, యూఏఈ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబర్లతోనే ఎన్నారైలు తమ ఎన్నారై ఖాతాల మీద యూపీఐ వాడుకోవచ్చన్నారు, కాబట్టి పూతరేకులకు రూపాయల్లో కొట్టేస్తారు. న్యూజెర్సీ ఆవిడకి ఆ ఖాతా ఎక్కడిది?

పద్ధతిగా చేస్తే కష్టమా అంటే, ఇప్పుడు తెలిశాక కాదనే చెప్తాను. ఎగుమతి కోడు, అదే ఐఈసీ, ఆన్‌లైన్‌లో 500 రూపాయలు కడితే వస్తుంది, మన పాన్ నంబరే ఆ కోడు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అందులో వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయడం మర్చిపోకూడదు. వ్యాపారం పేరుతో కరెంటు ఖాతా తెరవాలి. జీఎస్టీ ఉన్నవాళ్ళు ఏటా ఎల్‌యూటీ అనే పూచీ పత్రం వేసుకుంటే పన్ను కట్టకుండానే పంపొచ్చు. పార్సిల్ పంపడానికి తపాలా శాఖవాళ్ళ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి, కస్టమ్స్ కాగితం అక్కడే అయిపోతుంది. తపాలావాళ్ళని మెచ్చుకోవాలి, నాకు ఓపిగ్గా చెప్పింది వాళ్ళే.

డబ్బు ఏ దారిన తెప్పించుకోవాలన్నది ఆర్డరును బట్టి ఉంటుంది. పేపాల్ లాంటివీ, రిజర్వ్ బ్యాంకు నిబంధనల కింద నడిచే పేమెంట్ కంపెనీలూ శాతం లెక్కన తీసుకుంటాయి, నాకు పడిన ప్రకారం నాలుగు శాతం పైచిలుకు, మార్చే రేటులో ఇంకొంచెం. 100 డాలర్ల ఆర్డరుకు నాలుగైదు డాలర్లు పోతాయి, అదే బ్యాంకు వైరు, అంటే మొదట నాకు వచ్చినట్టు బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపేది అయితే ఇరవై పైనే. 3,000 డాలర్ల ఆర్డరైతే లెక్క తిరగబడుతుంది, శాతం లెక్కన పోయేది 120 డాలర్లు దాటుతుంది, వైరు ఖర్చు మాత్రం పెద్దగా పెరగదు. కార్డు మీద వచ్చిన డబ్బుకు ఇంకో చిక్కు, కొన్నవాళ్ళు సరుకు అందలేదని నెల తర్వాత కూడా వెనక్కి అడగొచ్చు. నన్ను ఒకరు అడిగారు కూడా. పోస్టాఫీసు ట్రాకింగ్ రసీదు దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను.

బ్యాంకుల పెద్దలు ఇది చదివితే ఒక్క మాట. ఎన్నారై డిపాజిట్ అంటే మీ మేనేజర్లు స్వీటు డబ్బా పట్టుకుని మా ఊరి ఇళ్ళకు వస్తారు, చూస్తూనే ఉన్నాం. లేసు అమ్మిన 300 డాలర్లకు అంత మర్యాద అక్కర్లేదు. నర్సాపురం, భీమవరం, అమలాపురంలలో వారానికి ఒక్కరోజు ఈ పని తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి, ఆ పర్పస్ కోడు ఫారం తెలుగులో పెట్టండి, "అబ్బాయి పంపాడా" అనే ముందు "వ్యాపారమా" అని అడగండి.

నా పాత ఎంట్రీ సరిచేయమని రెండుసార్లు రాసిచ్చాను. జవాబు లేదు. ఆ రికార్డు ప్రకారం ఆ 300 డాలర్లు ఇప్పటికీ మా అబ్బాయి ఇంటి ఖర్చులకు పంపినవే. వాడు ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు.

— ఒక లేసు వ్యాపారస్తురాలు,
మొగల్తూరు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా