బీమా లేని బండి గుద్దితే దిక్కెవరు?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో హెల్మెట్ తనిఖీల వార్త, ఫొటో చూశాను. తనిఖీలు చేయాల్సిందే, కాదనను. కానీ ఆపిన బండ్లకు ఇన్సూరెన్స్ ఉందో లేదో అడిగారా అన్న ముక్క ఆ వార్తలో ఎక్కడా లేదు. ఎవరూ అడగకపోతే ఏమవుతుందో అనుభవించాను కాబట్టి రాస్తున్నాను.

విజయవాడ బందరు రోడ్డు మీద సిగ్నల్ పడి ఆగి ఉన్న మా కారును వెనక నుంచి ఇంకో కారు వచ్చి గుద్దింది. డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయింది, బంపర్ ఒక పక్క ఊడి రోడ్డుకు రాసుకుంటోంది. నడిపిన కుర్రాడు దిగి, 'అంకుల్, మనం మనం చూసుకుందాం, కేసులెందుకు' అన్నాడు. బండి వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆ కారు ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. ఆటోనగర్‌లో టింకరింగు, పెయింటింగు, కొత్త బంపర్ కలిపి ఇచ్చిన ఎస్టిమేషన్ అతనికి పంపాను. సగం ఇస్తానన్నాడు, తర్వాత నెలాఖరన్నాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, 'ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదండీ, మీరూ మీరూ మాట్లాడుకోండి' అన్నారు. ఫోన్ ఎత్తనివాడితో ఏం మాట్లాడాలి?

'మీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చేసుకోండి' అని చాలామంది సలహా ఇచ్చారు. భాగాల తరుగు కోయకుండా డబ్బిచ్చే జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది. దానిపైన మనం భరించాల్సిన తప్పనిసరి కోత వేరు. అయిదేళ్లు ఒక్క క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే రాయితీ, కాస్తా పోతుంది. గుద్దింది వాడు, వచ్చే ఏడాది ప్రీమియం పెరిగేది నాకు. ఇదేం న్యాయమండీ?

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు చిన్న కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియమే 2,094 రూపాయలు, జీఎస్టీ అదనం. కట్టడం కంటే దొరికిపోవడమే చవక! మూడు నెలల దాకా జైలని కూడా చట్టంలో ఉంది. బెజవాడలో ఒక్కరినైనా అలా పంపారని నేను వినలేదు.

2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లు, బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ షోరూమ్‌లోనే కట్టించుకుంటున్నారు. ఆ గడువు తీరాక రెన్యువల్ చేయించావా అని అడిగే నాథుడు లేడు. హెల్మెట్ లేకపోతే కెమెరా నంబరు ప్లేటు చదివి చలానా ఇంటికి పంపుతుంది. అదే నంబరుకు ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో ప్రభుత్వం దగ్గరే, 'వాహన్' అనే బండ్ల రిజిస్ట్రేషన్ రికార్డులో ఉంటుంది. నాలాంటివాడు ఫోన్‌లో నిమిషంలో చూడగలిగింది అధికారులకు కనపడదా? గుంతలు పూడ్చమన్నా, సిగ్నళ్లు బాగుచేయమన్నా ఇదే తీరు, ఎవరో ఒకరు నష్టపోయేదాకా ఏ శాఖలోనూ చలనం ఉండదు.

ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే, యజమాని తగిన పూచీకత్తు ఇచ్చేదాకా దాన్ని విడిచిపెట్టకుండా నిబంధనలు చేయమని 2018లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. నా విషయంలో ఆ కారును ఆపినవాళ్లే లేరు. వాహన నష్టానికి కూడా మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ సంగతి స్టేషన్‌లో ఒక్కరూ చెప్పలేదు, ఒక వకీలు చెబితే తెలిసింది. ప్రతి స్టేషన్ గోడ మీద ఆ రెండు ముక్కలు తెలుగులో రాయించి పెట్టడానికి ఏ జీవో కావాలి?

రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసులు హెల్మెట్‌తో పాటు ఇన్సూరెన్స్ కూడా తనిఖీ చేస్తారా, చేయరా? ఎప్పటి నుంచి చేస్తారో మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలని కోరుతున్నాను.

- విశ్రాంత లెక్చరర్, పటమట, విజయవాడ