సార్కోమా జన్యు పరీక్ష చెడేది ఫార్మలిన్ డబ్బాలోనే

సంపాదకులకు,

తొడలోనో భుజంలోనో గడ్డ. బయాప్సీ రిపోర్టులో 'సార్కోమా కావచ్చు, జన్యు పరీక్ష చేయించండి' అని ఉంటుంది. సార్కోమా అంటే కండ, కొవ్వు, ఎముక వంటి వాటిలో పుట్టే క్యాన్సర్. ఇంట్లోవాళ్లు పారాఫిన్ బ్లాకు (మైనంలో పొదిగిన గడ్డ ముక్క) పట్టుకుని హైదరాబాద్‌కో ముంబయికో వెళ్తారు. కొన్నాళ్లకు 'సిగ్నల్ రాలేదు, మళ్లీ ముక్క పంపండి' అని జవాబొస్తుంది. అందరూ ల్యాబ్‌ను తిడతారు గానీ, పని చాలాసార్లు ముక్క తీసిన రోజే చెడి ఉంటుంది.

ముక్క చెడకుండా ఉంచడానికి బజారులో దొరికే ఫార్మలిన్‌లో ఉత్త నీళ్లు కలిపి వాడటం ఇంకా ఉంది. అది నిలవుంటే ఆమ్లమవుతుంది, డీఎన్‌ఏను తుంపులు చేస్తుంది. 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్‌కు 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపితే బఫర్ (ఆమ్లంగా మారని ద్రావణం) అవుతుంది. ఖర్చు పెద్దదేమీ కాదు. ముక్కకు పదింతల ద్రావణం ఉండాలి, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా నానాలి. పెద్ద గడ్డను కోయకుండా బకెట్లో పడేస్తే ఫార్మలిన్ లోపలికి చేరేసరికి నడిమి భాగం కుళ్లిపోతుంది. ఎముకతో కూడిన ముక్కను తొందరకొద్దీ నైట్రిక్ యాసిడ్‌లో మెత్తబరిస్తే జన్యు పరీక్షకు ఇక ఏమీ మిగలదు. మెత్తటి భాగాన్ని ముందే వేరే బ్లాకుగా తీయాలి. గట్టిదానికి ఈడీటీఏ (క్యాల్షియాన్ని మెల్లగా లాగేసే రసాయనం) వాడాలి, రోజులు పట్టినా సరే. సూది బయాప్సీ అయితే మరో చిక్కు: పదిహేను మార్కర్లు (గడ్డ రకం తెలిపే స్టెయిన్లు) వేసేసరికి ముక్కే అయిపోతుంది. మొదటి కోతలోనే పది ఖాళీ స్లైడ్లు పక్కన పెట్టుకోవాలి.

ఇక ఫిష్ పరీక్ష, అంటే జన్యువు తెగిందో లేదో రంగు చుక్కలతో మైక్రోస్కోపులో చూడటం. కొన్ని సార్కోమాల్లో ఒక జన్యువు తెగి మరో జన్యువుతో జతకడుతుంది. జన్యువుకు ఒకవైపు ఎరుపు, మరోవైపు ఆకుపచ్చ రంగు ప్రోబ్ (ఆ చోట అతుక్కునే డీఎన్‌ఏ తునక) అంటిస్తారు. చుక్కలు కలిసి ఉంటే జన్యువు బాగున్నట్టు, రెండు చుక్కల వెడల్పును మించి ఎడంగా ఉంటే తెగినట్టు. 4 మైక్రాన్ల కోతలో కణ కేంద్రకాలు సగానికి తెగి ఒక చుక్క మాయమవుతుంటుంది. దాన్ని పాజిటివ్‌గా లెక్కపెట్టకూడదు. చుక్కలు విడిపోయిన కణాలు ఎంత శాతం దాటితే పాజిటివో ప్రతి ల్యాబ్ మామూలు కణజాలం మీద సొంతంగా తేల్చుకోవాలి.

ఈడబ్ల్యూఎస్‌ఆర్1 అనే జన్యువు తెగిందని తేలితే ఈవింగ్ సార్కోమా అని రాసేయడం మాకు తరచూ కనిపించే పొరపాటు. క్లియర్ సెల్ సార్కోమాలోనూ, డెస్మోప్లాస్టిక్ చిన్నకణ గడ్డలోనూ అదే జన్యువు తెగుతుంది. అది ఏ జన్యువుతో జతకట్టిందో ఆ ప్రోబ్ చెప్పదు. నెగెటివ్‌ కూడా అంతే. ఈవింగ్‌లో ఈఆర్‌జీ అనే జన్యువుతో జతకట్టిన కొన్ని గడ్డల్లో చుక్కలు విడిపోవు, ఎందుకంటే ఆ రెండు జన్యువులు ఎదురు దిశల్లో ఉంటాయి, ముక్క తిరగబడి దూరితేనే కలుస్తాయి. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే గడ్డలోనైతే జతకట్టే రెండు జన్యువులూ 12వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్నాయి కనుక ఫిష్‌కు దొరకవు. దానికి స్టాట్6 (ఆ రెంటిలో ఒక జన్యువు తయారుచేసే ప్రోటీన్) స్టెయిన్ చాలు, చవక కూడా. సైనోవియల్ సార్కోమాకు (పేరు అలా ఉంది గానీ కీళ్ల పొరలో పుట్టేది కాదు) ఎస్‌ఎస్18 జన్యువు ప్రోబ్ బాగా పనిచేస్తుంది. మిగతా అనుమానాలకు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (జతకట్టిన రెండు జన్యువులేవో చదివే పరీక్ష) అవసరం. అప్పుడూ మళ్లీ ఆ ఫార్మలిన్ సంగతే.

రోగి బంధువులు అడిగి తీసుకోవాల్సింది స్లైడ్లు మాత్రమే కాదు, బ్లాకు కూడా. రిపోర్టులో ఏ ప్రోబ్ వాడారో, ఎన్ని కణాలు లెక్కపెట్టారో, ఎన్నింటిలో విడిపోయిందో ఉండాలి. లేకపోతే రాసిమ్మని అడగండి.

– కొందరు పాథాలజిస్టులు, హైదరాబాద్