చెరువుల లెక్కలో భాస్వరం ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి హుస్సేన్‌సాగర్ నీళ్లు పచ్చబడటం, ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుని నడవాల్సి రావడం హైదరాబాద్ వాసులకు అలవాటైపోయింది. రంగు తేలగానే పడవల మీద పాచి తోడించడం, బ్యాక్టీరియా ద్రావణాలు చల్లించడం, ఫౌంటెన్లు బిగించడం మొదలవుతుంది. తోడి దూరంగా పారేసిన పాచితో పోయే కొద్దిపాటి తప్ప, ఈ పనుల వల్ల చెరువులోని భాస్వరం తగ్గదు. పాచికి మేత అదే.

ఇంటి మురుగులో లీటరుకు 5 నుంచి 8 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది. మలమూత్రాలు, వంటింటి వ్యర్థాలు, కొన్ని రకాల డిటర్జెంట్లు కలిసి వచ్చేదది. ఒక ఎంఎల్‌డీ, అంటే రోజుకు 10 లక్షల లీటర్ల మురుగు చెరువులో పడితే రోజూ సుమారు 6 కిలోల భాస్వరం చేరినట్టు. అది దాదాపు 9 వేల మంది వాడి వదిలే నీరు మాత్రమే. మిగతావన్నీ అనుకూలిస్తే కిలో భాస్వరం 500 కిలోల దాకా పచ్చి పాచిని పెంచగలదు. చెరువు నీటిలో అది లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటితే చాలు, నీరు పచ్చబడే దారి పట్టినట్టే.

ఇది కాగితం మీది వాదన కాదు. 1973లో కెనడాలోని ఒంటారియోలో 226వ నంబరు సరస్సుకు నడుమ తెర కట్టి, ఒక సగంలో కార్బన్, నత్రజని, రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం చిక్కని పచ్చరంగుకు వచ్చింది. పాచిగా మనకు కనిపించే శైవలాల్లో నీలి ఆకుపచ్చ రకానికి చెందిన కొన్ని జాతులు గాలిలోని నత్రజనిని సొంతంగా పట్టుకుంటాయి, భాస్వరం మాత్రం వాటికి బయటి నుంచి అందాల్సిందే. సముద్ర తీరంలో సంగతి కొంత వేరు. అక్కడ చాలాచోట్ల ముందు కొరతపడేది నత్రజని కాబట్టి, కాల్వల ద్వారా దిగే యూరియాను, మురుగును కూడా పట్టించుకోవాలి.

మరి మనం కొలుస్తున్నది ఏమిటి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటి వనరులను ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా ఐదు తరగతులుగా విడదీసింది. అందుకు పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బీవోడీ (నీటిలోని సేంద్రియ మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్), కోలిఫాం (మలం కలిసిందని సూచించే బ్యాక్టీరియా), అమోనియా వంటివి చూస్తారు. భాస్వరం ఆ జాబితాలో లేదు. ఉన్నవాటిలో కరిగిన ఆక్సిజన్ పచ్చ చెరువు విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. ఎండలో శైవలాలు ఆక్సిజన్ వదులుతుంటే మధ్యాహ్నం లీటరుకు 12 మిల్లీగ్రాములకు పైగా కూడా చూపిస్తుంది. ఆ వేడిలో మామూలు నీరు 7.5కు మించి పట్టుకోలేదు. రాత్రి అవే శైవలాలు ఆక్సిజన్ పీల్చుకుంటే తెల్లవారుజామున 4, 6 గంటల మధ్య 2 లోపుకు పడిపోవచ్చు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. కైకలూరు, భీమవరం వైపు చేపల రైతు ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు, రాత్రిళ్లు ఏరేటర్లు తిప్పేది అందుకే. ఉదయం 11 గంటలకు సీసా ముంచి ‘ఆక్సిజన్ బాగుంది’ అని రాసుకున్న నివేదికకు విలువ లేదు. నమూనా తెల్లారకముందు తీయాలి. భాస్వరం కోసం నాలా దిగే చోట, చెరువు మధ్యలో, తూము దగ్గర, అర మీటరు లోతున తీయాలి. గాలివాటున ఒడ్డుకు చేరిన తెట్టును ముంచితే అంకె ఎక్కడికో పోతుంది. సీసాను డిటర్జెంటుతో కడిగితే అందులోని భాస్వరమే లెక్కలో పడే ప్రమాదముంది, ఆమ్లంతో కడగాలి.

ఇక అసలు పని ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం దగ్గర ఉంది. 2017 అక్టోబరు నాటి కేంద్ర ప్రమాణాల్లో భాస్వరానికి పరిమితి లేదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువుల్లోకి వదిలే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము అని చెప్పింది. మామూలు జీవశుద్ధి భాస్వరంలో నాలుగో వంతో, కొంచెం ఎక్కువో మాత్రమే తగ్గిస్తుంది. బీవోడీ 10కి దిగిన నీరు అద్దంలా కనిపిస్తూనే చెరువుకు పాచి మేత మోసుకొస్తుంది. దీనికి మందు కొత్తదేమీ కాదు, పటికే. లీటరుకు 5 నుంచి 1 మిల్లీగ్రాముకు దించాలంటే ఒక ఎంఎల్‌డీకి రోజుకు 4 కిలోల భాస్వరం పట్టాలి. అందుకు సుమారు 65 కిలోల పటిక కావాలి. మురుగుకు గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకు చివర, బురద అడుగుకు దిగే క్లారిఫయర్ తొట్టికి ముందు వేయాలి, కలిసేలా తిప్పాలి. కచ్చితమైన మోతాదును ఆ నీటితోనే గాజు పాత్రల్లో పరీక్షించి తేల్చుకోవాలి.

తప్పు జరిగేది మోతాదులో కన్నా నిర్వహణలో. ఉదయం మురుగు ప్రవాహం రెట్టింపయినా పటిక వేసే పంపు రాత్రి వేగంతోనే తిరుగుతుంటుంది. ఈ పద్ధతిలో ఒక ఎంఎల్‌డీకి రోజూ 20 కిలోలకు పైగా (ఎండు బరువులో) అదనపు బురద వస్తుంది. దాన్ని ఏ రోజుకారోజు తీయకపోతే క్లారిఫయర్ పొంగి, పట్టుకున్న భాస్వరం నీటితోపాటు బయటికి పోతుంది. టెండరులో పటిక ఖర్చు రాసి, బురద తరలింపు ఖర్చు రాయకపోతే ఫలితం ఇంతే.

గుర్రపుడెక్క తీయించడం మంచిదే, మొక్కతోపాటు భాస్వరమూ బయటికొస్తుంది. కానీ తీసిన దాన్ని గట్టు మీదే కుప్ప పోస్తే కుళ్లి, తొలి వానకే రసం మళ్లీ చెరువులోకి దిగుతుంది. ఒక్కసారిగా అంతా తీసేస్తే వెలుతురు లోపలికి పడి, ఆకుల నీడన అణిగి ఉన్న శైవలాలు పైకి లేస్తాయి. నాలాను మళ్లించాకే ఆకు తీయాలి. తేలియాడే మొక్కల తెప్పల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు: చదరపు మీటరు మొక్కలు ఏడాదికి తీసుకునేది గ్రాముల్లో, నాలా ఒక్క రోజులో తెచ్చేది కిలోల్లో.

నాలా ఆపినా వెంటనే నీరు తేటపడదు. ఏళ్ల తరబడి పేరుకున్న బురదలో ఇనుముతో ముడిపడిన భాస్వరం, అడుగున ఆక్సిజన్ అయిపోగానే విడిపోయి పైకి వస్తుంది. పూడిక తీయకుండా రెండేళ్లలో నీరు బాగుపడుతుందని ఎవరైనా మాటిస్తే అడుగు బురదలో భాస్వరం ఎంతో చూపమనండి. నీటిని నిలిపి ఉంచుతూ డ్రెడ్జర్‌తో కెలికితే ఇంకా నష్టం.

పచ్చరంగు దేనివల్లో తెలుసుకోవడానికి ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. చేతికి తొడుగు వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనం అడుగుకు దిగితే మామూలు శైవలాలు కావచ్చు. పైకి తేలి మెడ దగ్గర వలయంలా కడితే నీలి ఆకుపచ్చ రకమని అనుమానించాలి. కర్ర ముంచితే దారాల్లా వేలాడేది నాచు, రంగు పూసినట్టు అంటుకునేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఆ నీటిలో మైక్రోసిస్టిన్ అనే విషం ఉండవచ్చు. మరిగిస్తే అది పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీటిలోకి ఇదే విషం చేరితే, దాదాపు మూడు రోజులు లక్షల మందికి నీళ్లు తాగొద్దని, మరిగించినా ప్రయోజనం లేదని చెప్పారు. మైలుతుత్తం చల్లి శైవలాలను చంపితే కణాలు పగిలి లోపలి విషమంతా ఒకేసారి నీటిలో కలుస్తుంది, కుళ్లే పాచి మిగిలిన ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. తెట్టు కట్టిన రోజుల్లో గేదెలను, కుక్కలను ఆ ఒడ్డుకు తోలకూడదు. చనిపోయి తేలిన చేపలు అమ్మకానికి పోకుండా చూడాలి. బతికున్న చేప అయినా పొట్టలోని భాగాలన్నీ తీసేసి, బాగా కడిగి కండ మాత్రమే వండుకోవాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్