స్టేజీ ఎక్కిన మా అమ్మ పేటియా

ఎడిటర్ గారికి నమస్కారం.

మార్చి నెల మూడో మంగళవారం ప్రపంచ సోషల్ వర్క్ దినోత్సవం. ఆ సందర్భంగా మన వైపే ఉన్న ఒక యూనివర్సిటీలో సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ వాళ్లు డైవర్సిటీ ప్రోగ్రాం పెట్టారు. ఏ యూనివర్సిటీ అన్నది రాయను. నేను పదేళ్ల కింద ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివినప్పుడు మా దగ్గర కూడా ఇదే తంతు, ఒక్కరి పేరు రాస్తే మిగతా వాళ్లు తమకేం సంబంధం లేదని పేజీ తిప్పేస్తారు.

మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. ఉద్యోగం వల్ల ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. మా చిన్నమ్మ బిడ్డ ఆ డిపార్ట్‌మెంట్‌లోనే సెకండియర్. ప్రోగ్రాంకు వారం ముందు ఫోన్ చేసి "అక్కా, పెద్దమ్మ పేటియా, కాంచళి కావాలె, మేడం అడిగింది" అన్నది. పేటియా అంటే మా బంజారా (లంబాడా) ఆడవాళ్లు కట్టుకునే లంగా, కాంచళి అంటే రవిక. మా అమ్మ పేటియా ఎప్పుడైనా ఎత్తి చూసిన వాళ్లకు తెలుస్తుంది, చేయి గుంజేస్తుంది. అద్దాలు, గవ్వలు, అంచు పొడుగునా కుట్టిన పావలా బిళ్లలు. సర్కారు 2011లో పావలా చెల్లదని చెప్పింది కానీ మా అమ్మ పేటియా మీద అవి ఇంకా చెల్లుతూనే ఉన్నాయి. పెళ్లికి, తీజ్ పండుగకు తప్ప పెట్టెలోంచి తియ్యదు. చదువుకునే పిల్ల అడిగింది కదా అని బస్సు కండక్టర్‌కు అప్పజెప్పి పంపించింది.

ప్రోగ్రాం చూద్దామని నేనూ పోయాను. తీరా చూస్తే మా అమ్మ పేటియా వేసుకున్నది మా చెల్లె కాదు, ఎవరికి ఏ వేషం అని చీటీలు వేస్తే 'బంజారా' వచ్చిన హనుమకొండ అమ్మాయి. మా చెల్లెకు 'పంజాబ్' వచ్చిందట, పాపం ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న దుపట్టా సర్దుకుంటూ నిలబడింది. తాడ్వాయి దిక్కు నుంచి వచ్చిన కోయ పిల్లగాడు ఒకడున్నాడు, వాడు మైకు దగ్గర వైర్లు చూసుకుంటున్నాడు. యాంకర్ చేసిన అమ్మాయి కాగితం చూసి "అంతరించిపోతున్న సంస్కృతి" అని చదివింది. మా అమ్మ ఆ టైంకు తండాలో పెసర చేను దగ్గర ఉంది, నిక్షేపంగా.

పిల్లల తప్పు ఏం లేదు. వాళ్లు రెండు రోజులు నిద్ర లేకుండా తిరిగారు, సొంత డబ్బులు వేసుకొని బ్యానర్ కొట్టించారు. పార్ట్ టైం లెక్చరర్లతో నెట్టుకొస్తున్న డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రోగ్రాం చెయ్యడమంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ ఆ హాల్లో నా పక్కన కూర్చున్న ఇంకో స్టూడెంట్ మాట చెప్పకుండా ఉండలేను. కాళ్లు పనిచెయ్యవు, మూడు చక్రాల బండి మీద వస్తాడు. హాలేమో మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. దోస్తులు నలుగురు కుర్చీతో సహా పైకి మోసుకొచ్చారు. నీళ్లు తాగుతావా తమ్మీ అని బాటిల్ ఇస్తే వద్దన్నాడు. "పైకైతే ఎత్తుకొస్తరక్కా, కిందికి ఎప్పుడు దించుతరో వాళ్ల ఇష్టం కద, నీళ్లు తాగితే మళ్లా బాత్‌రూం" అన్నాడు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది, పాత పబ్లిక్ బిల్డింగులను కూడా ఐదేళ్లలోపు అందరూ వచ్చిపోయేలా మార్చాలని గడువు పెట్టింది. ఇవన్నీ వీళ్ల సిలబస్‌లోనే ఉన్నాయి. పరీక్షలో ప్రశ్న వస్తే ఆ తమ్ముడు పది మార్కుల జవాబు రాస్తాడు, రాయడానికి మళ్లీ అదే మెట్లు ఎక్కించాలి.

కింద చెట్ల దగ్గర బోలెడు జాగా ఉంది. అక్కడ పెడితే అయిపోయేది. ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ప్రోగ్రాం అంటే హాలు, హాలు అంటే వీఐపీ కుర్చీలు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన.

నా చదువు రోజుల్లో నేను చేసిన పని కూడా చెప్తాను, లేకపోతే ఇదంతా ఎదుటోళ్ల మీద రాళ్లెయ్యడం అవుతుంది. ఫిబ్రవరిలో మా రూరల్ క్యాంప్ ములుగు దిక్కు ఒక గూడెంలో పడింది. పొద్దున పదకొండింటికి అవగాహన సదస్సు పెట్టాం, బడి ముందు షామియానా వేసి, ప్లకార్డులు రాసి. గూడెంలో మనుషులే లేరు. ఫిబ్రవరి, మార్చి అంటే మిరపకాయ ఏరే కాలం, తెల్లారకముందే ఆటోలు వచ్చి ఆడవాళ్లను తోటలకు తీసుకుపోతాయి. ఇంత చిన్న సంగతి కనుక్కోకుండా డేటు పెట్టింది మేమే. ఆఖరికి బడి పిల్లలను, ఇద్దరు ముసలాళ్లను కూర్చోబెట్టి ఫోటో దిగి, రిపోర్టులో 'గ్రామస్తులు పెద్ద ఎత్తున పాల్గొన్నారు' అని రాశాం. వైవాలో దానికి మంచి మార్కులే పడ్డాయి, సిగ్గుపడుతూ చెప్తున్నా.

అదే క్యాంపులో మూడో రోజు రాత్రి కరెంటు పోతే, ఏం తోచక బయట మంచాల దగ్గర కూర్చున్నాం. మిరప తోట నుంచి వచ్చిన ఆడవాళ్లు చేతుల మంటకు నూనె రాసుకుంటున్నారు. మాటల్లో మాట, ఒకామె ఇంట్లోకి పోయి ప్లాస్టిక్ కవర్ తెచ్చి "బిడ్డా, ఇది చదివి చెప్పు" అన్నది. పోడు పట్టాకు పెట్టుకున్న దరఖాస్తు తాలూకు కాగితం. అటవీ హక్కుల చట్టం 2006 గురించి క్లాసులో నోట్సు రాసుకున్నదే కానీ ఆ కాగితంలో ఏ ఖాళీ ఎందుకు నింపాలో మాకెవరికీ తెలియదు. ఫోన్ లైటు వెలుగులో, మా సూపర్‌వైజర్ సార్‌ను నిద్రలేపి మరీ అడిగి, ఆ రాత్రి ఏడు ఇళ్ల కాగితాలు చదివి చెప్పాం. పాట ఒకటి వాళ్లు పాడారు, మాకు అర్థం కాకపోతే మైకు పిల్లగాడి లాంటి ఒక క్లాస్‌మేట్ కోయ మాట నుంచి తెలుగులోకి చెప్పాడు. రెండేళ్లు మా పక్కనే కూర్చున్నవాడికి ఇంకో భాష వచ్చని అప్పుడు తెలిసింది మాకు! బ్యానర్ లేదు, ఫోటో లేదు కాబట్టి రిపోర్టులో కూడా లేదు. కమ్యూనిటీ ఈవెంట్ అంటే నాకు ఈ రోజుకీ ఆ రాత్రే గుర్తొస్తుంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు, మన దగ్గర పాతదే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు ఆంత్రోపాలజిస్టు (గిరిజనుల జీవితాన్ని చదివే పండితుడు) హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపింది. గోండుల బాధలు వినాలంటే అధికారులే కేస్లాపూర్ నాగోబా జాతరకు పోవాలని ఆ దశకంలోనే అక్కడ దర్బార్ మొదలైంది. జనం పుష్య అమావాస్యకు ఎలాగూ అక్కడే కలుస్తారు, మెస్రం వంశం వాళ్లది పూజ, ఆఫీసర్లు వాళ్ల దగ్గరికి పోయిన చుట్టాలు. ఇప్పుడు ఆ దర్బార్ ఎట్లా జరుగుతుందన్నది వేరే ముచ్చట. కానీ 'వాళ్లను మన స్టేజీ మీదికి పిలుద్దాం' అనే ఆలోచన కంటే ఎనభై ఏళ్ల కిందటి ఆ పద్ధతే నాకు తెలివిగా అనిపిస్తుంది.

డిపార్ట్‌మెంట్ వాళ్లకు వారంలో రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉండనే ఉంది. ప్రోగ్రాంను ఆ ఫీల్డ్ వర్క్ ఊళ్లోనే, ఆ ఊరి వాళ్లు చెప్పిన రోజున పెట్టుకోవచ్చు. మన పల్లెల్లో పీర్ల పండుగకు పీరు ఎత్తుకునేది ఎవరు, ఊదు వేసేది ఎవరు, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడేది ఎవరు అని ఒక్క రాత్రి నిలబడి చూస్తే హిందువులు ముస్లింలు కలిసి బతకడం మీద రెండు సెమిస్టర్ల పాఠం దొరుకుతుంది. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి, ఆ పిల్లలతో ఒడియాలో నాలుగు మాటలు మాట్లాడగలిగిన స్టూడెంట్లు ఎందరున్నారు? దేశంలో మొదటి సోషల్ వర్క్ స్కూలు 1936లో బొంబాయిలో మొదలైందని మొదటి యూనిట్‌లో చదువుకుంటాం, బాగానే ఉంది, ఇటుక బట్టీ మన పక్కనే కదా.

ఖర్చు అంటారేమో. శాలువాల డబ్బుతో ఒక బస్సు మాట్లాడుకోవచ్చు.

ఇక పేటియా సంగతి. నాలుగు రోజులకు తిరిగొచ్చింది, కవర్లో మడిచి. నడుము దగ్గర పిన్నీసులు గుచ్చిన చోట చిన్న చిరుగు, రెండు అద్దాలు లేవు, ఒక పావలా ఊడిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, దీపం దగ్గర కూర్చొని వేళ్లతో అంచంతా తడిమి చూసుకుంది. అద్దాలు మానుకోట (మహబూబాబాద్) అంగట్లో దొరుకుతాయి. పావలా దొరకదు.

వచ్చే ఏడాది మళ్లీ అడిగితే ఏం చెప్పాలె అని అమ్మను అడిగాను. ఇయ్యను అన్నది. కాసేపాగి, శ్రావణంలో తీజ్‌కు రమ్మను అన్నది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడతారు, వచ్చిన వాళ్లు కూడా నీళ్లు మోయాల్సిందే, ఊరికే కూర్చొని చూస్తే మా తండా ముసలమ్మలు ఊరుకోరు. చెల్లె మేడంకు చెప్తానన్నది. మూడు చక్రాల బండి మా వీధి దాకా వస్తుంది, సీసీ రోడ్డే.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
హనుమకొండ