టేపు మీద కంపెనీ పేరొక్కటే చూస్తే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నెల్లూరు ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. అద్దాలకి పాత న్యూస్ పేపర్ కప్పి (ఎక్కువసార్లు మీ పేపరే, కోపం తెచ్చుకోకండి) చుట్టూ మాస్కింగ్ టేపు వేసి రంగు కొట్టడం మా పని. ఆ టేపు అంగుళం వెడల్పుది ముప్పై రూపాయలకీ దొరుకుతుంది, వందకీ దొరుకుతుంది. కార్ల ఓనర్లేమో "అన్నా, కంపెనీది వాడు, లోకల్‌ది వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అంత తేలిగ్గా తేలదని చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన రోహిణి కార్తెలో ఒక తెల్ల కారు బంపర్ మీద నల్ల పట్టీ వెయ్యాల్సి వచ్చింది. పేరున్న కంపెనీ టేపే, ఆ పేరు ఇక్కడ రాయను, పూర్తి ధర పెట్టి కొన్నాను. సాయంత్రం పీకితే కాగితం పేలికలుగా చీలి చేతికొచ్చింది, బంక మాత్రం కారు మీదే ఉండిపోయింది. థిన్నర్ పెడితే పచ్చి రంగు కూడా పోతుంది కాబట్టి పెట్రోలు గుడ్డతో మెల్లగా తుడిచి, తుడిచిన చోట మెరుపు తగ్గితే మళ్లీ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పాలిష్ పేస్టు) కొట్టి, రెండు పూటలు దానికే పోయాయి. తిట్టుకుంటూ అంగడికి వెళ్లాను. అక్కడ టేపు రోల్సన్నీ పడమటి ఎండ పడే అద్దం వెనకాల దండల్లా వేలాడుతున్నాయి, కవర్ మీద నెల చూస్తే రెండు వేసవులు దాటిన సరుకు. మాస్కింగ్ టేపులో ఎక్కువగా వాడేది రబ్బరు బంక, వేడి తగిలేకొద్దీ అది చెడిపోతుంది. ఇక టేపు వేసిన కారుని మిట్టమధ్యాహ్నం బయట పెట్టింది నేనే. ఇందులో కంపెనీ తప్పెంత, అంగడి తప్పెంత, నాదెంత అంటే నాకే సరిగ్గా లెక్క తేలలేదు.

అసలు ఈ టేపు పుట్టిందే మాలాంటి వాళ్ల కోసం. అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు నడిచే రోజుల్లో త్రీఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఒక షెడ్డుకి ఉప్పు కాగితం శాంపిల్స్ ఇవ్వడానికి వెళ్లాడట. అక్కడ అప్పట్లో దొరికే టేపు పీకేసరికి కొత్త రంగు కూడా ఊడొచ్చి పెయింటర్లు బండబూతులు తిట్టుకుంటున్నారు. అది చూసి ఆయన 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. అదే కంపెనీ అంతకు ముందు, 1914లో, ఉప్పు కాగితం అమ్మితే రవ్వ అంతా రాలిపోయిందని గోల గోలగా ఫిర్యాదులొచ్చాయి. కారణం వెతికితే ఆ రవ్వ కోసం ఓడలో వచ్చిన గార్నెట్ రాయి మీద ఆలివ్ నూనె ఒలికిందని, జిడ్డుకి జిగురు పట్టలేదని తేలింది. ఆ దెబ్బకే వాళ్లు సరుకు పరీక్షించడానికి ల్యాబ్ పెట్టుకున్నారు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, పేరు చూసి కళ్లు మూసుకోమంటే ఎట్టా?

నా షెడ్డులో లెక్క ఇది. ప్రైమర్ కొట్టేటప్పుడు, పుట్టీ పెట్టేటప్పుడు ముప్పై రూపాయల టేపు చాలు. ఆఖరి కోటుకి, రెండు రంగులు కలిసే గీతకి మాత్రం ఖరీదైనదే, ఎందుకంటే చవక టేపు అంచు కిందికి రంగు పాకి గీత వంకర్లు పోతుంది. అన్నట్టు చవక రోల్ లావుగా ఉందని మురిసిపోవద్దు, లోపలి అట్ట గొట్టం మందం చూడండి, మీటర్లు చదవండి.

వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే ఉప్పు కాగితం) దగ్గర మాత్రం నేను పీనాసితనం చెయ్యను. చవక పేపర్లో ఎక్కడో ఒక ముతక రవ్వ ఉంటుంది, అది గీసిన గీత ఎండలో ఒక యాంగిల్‌లో తప్ప కనబడదు, ఓనర్‌కి మాత్రం కచ్చితంగా కనబడుతుంది! నీళ్లలో నానబెడితే అంచులు పీచులవుతాయి, నల్ల రవ్వ బకెట్ అడుక్కి చేరుతుంది. రవ్వ ఎంత సన్నమో చెప్పే నంబర్లలో ఇంకో తిరకాసు ఉంది. వెనకాల నంబర్ ముందు 'పి' అని ఉంటే అది యూరప్ కొలత, ఆ అక్షరం లేకుండా అమెరికా కొలతలో 400 అని ఉన్న కాగితం దాదాపు పి800 అంత సన్నగా ఉంటుంది. ఇది తెలియక "ఈ కంపెనీది అరగదియ్యట్లేదు" అని మంచి కాగితాన్ని పారేసిన కుర్రాళ్లని చూశాను. చిన్నప్పుడు నేనూ ఆ బాపతే.

కరెంటు టేపు సంగతి మా బావమరిదికి బాగా తెలుసు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మోటార్లు రిపేరు చేస్తాడు. ఉప్పు గాలికి, వేడికి పలచటి టేపు జారి బంకముద్ద అవుతుంది, కింద రాగి బయటపడుతుంది. త్రీఎం సూపర్ 33 ప్లస్ లాంటిది 0.18 మిల్లీమీటర్ల మందం, 105 డిగ్రీల వేడి దాకా అని రాసి మరీ ఇస్తారు. ప్రాణాల మీదికొచ్చే చోట ఇరవై రూపాయల మిగులు చూసుకోకూడదు.

2011 నాటి ప్యాకేజీ రూల్స్ ప్రకారం కవర్ మీద తయారీదారు అడ్రసు, కొలత, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చు. అంగళ్ల వాళ్లకి నా విన్నపం ఒక్కటే, రోల్స్‌ని నీడలో పెట్టండయ్యా. నేను కొనే అంగడాయన ఇప్పుడు నన్ను చూడగానే "వచ్చాడ్రా నెలలు చదివే మేస్త్రీ" అంటాడు, అంటూనే లోపలి బీరువాలోంచి తీసిస్తాడు.

ఇట్లు,
ఒక పెయింటింగ్ మేస్త్రీ, నెల్లూరు