బెంచీలు కలిపితే జట్టు కాదు

సంపాదకులకు,

చెన్నైలో తెలుగు చదువుకునే హైస్కూలు పిల్లలకు కూడబలుక్కుని చదవడం కూడా కష్టమవుతోందని అందరం వాపోతూనే ఉన్నాం. మందుగా మాత్రం ఇంకో ట్యూషన్, ఇంకో కాపీ పుస్తకం అంటున్నాం. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి ఒకరికొకరు నేర్పుకునేలా చేయడమే మేం చెప్పే మందు. తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో గడగడా చదివే పిల్ల పక్కనే, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ లిపి ఒక్కటే చేతికి అలవాటైన పిల్లవాడు కూర్చుంటాడు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి ఇలాంటివాళ్లు ఉండనే ఉంటారు.

వాళ్ల నోటుపుస్తకం చూడండి. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అందుకే 'గుడి' రాయమంటే 'కుడి' అని రాస్తారు, 'బడి' కాస్తా 'పడి' అవుతుంది. తమిళంలో వత్తు కింద వేలాడదు, పొల్లక్షరం పక్కనే రెండో అక్షరం వస్తుంది. కాబట్టి 'అక్క'ను 'అక్‌క' అని రాస్తారు. దీన్ని బద్ధకం అనుకుని వందసార్లు రాయిస్తే అదే తప్పు వందసార్లు పడుతుంది. రాస్తున్నప్పుడే పట్టుకోవాలి. ముప్పై ఆరుమంది దగ్గరా టీచరు నిలబడలేరు, పక్క పిల్ల నిలబడగలదు.

అయితే జట్లు కట్టడంలో లెక్క ఉంది. 36 మందిని చదివే స్థాయిని బట్టి వరుసగా రాసుకుని 1, 18, 19, 36 ఒక జట్టు, 2, 17, 20, 35 ఇంకో జట్టు, ఇలా తొమ్మిది జట్లు చేయాలి. జతలుగా చదివించేటప్పుడు 1ని 36తో కూర్చోబెట్టకూడదు. మొదటివాడే అంతా చదివేస్తాడు, రెండోవాడు తలూపుతాడు. 1కి 19, 18కి 36 సరిపోతారు. బెంచీలు జరపక్కర్లేదు, ముందువాళ్లు వెనక్కి తిరిగితే చాలు.

నలభై నిమిషాల్లో అయిదు పని చెప్పడానికి, పన్నెండు జతగా చదవడానికి, ఎనిమిది నలుగురూ మాట్లాడుకోవడానికి, పది రాయడానికి, మిగిలిన అయిదు చీటీ తీసి వినడానికి. రాత మాత్రం ఎవరి పుస్తకంలో వాళ్లదే. జట్టుకో కాగితం ఇచ్చామా, అందమైన దస్తూరీ ఉన్న అమ్మాయి ఒక్కతే రాస్తుంది, మిగతా ముగ్గురూ కిటికీలోంచి చూస్తారు. చీటీలో ఎవరి అంకె వస్తే వాళ్ల పుస్తకమే జట్టు తరఫున చదవాలి. అప్పుడు వెనకబడినవాడికి నేర్పించకుండా మొదటివాడు తప్పించుకోలేడు. మార్కుల విషయంలో అమెరికా విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ చెప్పిన పద్ధతే మేలు: పిల్లవాడు తన పాత మార్కు కంటే ఎంత పెరిగాడో దాన్ని బట్టి జట్టుకు పాయింట్లు. 25 నుంచి 40కి ఎక్కినవాడు 90 దగ్గరే ఆగినవాడికంటే జట్టుకు ఎక్కువ తెస్తాడు.

దిద్దుకోవడం రెండు విడతల్లో జరగాలి. మొదట విషయం, తర్వాతే వత్తులు. రెండూ కలిపితే పిల్లలు వత్తుల చుట్టూ సున్నాలు చుట్టి ఊరుకుంటారు, అర్థం లేని వాక్యం అలాగే మిగిలిపోతుంది.

1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి, అంటే పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వడం, శిక్షణల్లో బాగా వినిపిస్తుంది. మన తరగతుల్లో దాన్ని మొదటి టర్ములో ముట్టుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. చదవలేని పిల్లవాడి చేతిలో పడ్డ ముక్క నలుగురికీ పోతుంది. జతగా చదవడం కుదురుకున్నాక చేయొచ్చు.

ఇదేమీ ఈ ఊరికి వింత కాదు. 2003లో చెన్నై కార్పొరేషన్ ప్రాథమిక బడుల్లోకి వచ్చిన కార్డుల పద్ధతికి, అంటే పిల్లలు కార్డులు చూసుకుంటూ జట్లలో తమంతట తాము నేర్చుకునే పద్ధతికి, మూలం మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడే. హైస్కూలుకొచ్చేసరికి మళ్లీ నోట్సు చెప్పి రాయించడమే. తరగతిలో గొంతులు వినబడితే హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వస్తారు, టీచరు వెంటనే బెంచీలు సర్దించేస్తారు.

తెలుగు చెప్పే బడుల యాజమాన్యాలను అడిగేది రెండే. వారంలో ఒకరోజు రెండు తెలుగు పీరియడ్లు వరసగా ఇవ్వండి. మొదటి ఆరు వారాలు ఆ గదిలో గోల ఉంటే అడ్డుపడకండి.

ఇట్లు,
కొందరు తెలుగు ఉపాధ్యాయులు,
పెరంబూరు, చెన్నై