షుగర్ పరీక్షతో పాటు పాదాలూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఊళ్లలో ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు ఏఎన్ఎంలు, ఆశ కార్యకర్తలు బీపీ, షుగర్ చూసి గోలీలు ఇస్తున్నారు. చాలా మంచి పని. అదే కూర్చున్నకాడ చెప్పులు విప్పించి పాదాలు కూడా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. రెండు నిమిషాల పని అది.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి. నడుము నుంచి కాలివేళ్ల దాకా పోయే నరాలే అన్నిటికన్నా పొడవు కాబట్టి స్పర్శ ముందుగా వేళ్ల కొసల్లో పోతుంది. తిమ్మిర్లు, రాత్రిపూట మంటలు ఉన్నవాళ్లు దవఖానకు వస్తారు. అవేమీ లేకుండానే మొద్దుబారినవాళ్లతోనే చిక్కు. నడుస్తుంటే హవాయి చెప్పు జారి వెనకే పడిపోయినా తెలియకపోతే స్పర్శ పోయిందని అనుమానించాలి.

చెమట పట్టించేవీ నరాలే. అవి పాడైతే తోలు ఎండి మడిమలు పగులుతాయి. పాదంలోని చిన్న కండరాలు బలం తగ్గి వేళ్లు వంకర తిరుగుతాయి, బరువంతా వేళ్ల మొదట్లో పడి అక్కడ ఆనెకాయ కడుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ దాని కింద కండ చితికి పుండవుతుంటుంది. ఆనెను బ్లేడుతో కోసుకోవద్దు. దుకాణాల్లో దొరికే ఆనెకాయ పట్టీలు కూడా అంటించొద్దు, అందులోని ఆమ్లం మంచి తోలునూ తినేస్తుంది. రక్తనాళాలు కూడా సన్నబడితే చిన్న గాయం సైతం మానదు.

పరీక్షకు పరికరమేమీ అక్కర్లేదు. మనిషిని కళ్లు మూసుకోమని రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను చూపుడువేలితో ఒక్క క్షణం మెత్తగా తాకాలి. నొక్కొద్దు, రుద్దొద్దు. ఆరు చోట్లలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఇంట్లో కొడుకో కోడలో కూడా చేయొచ్చు.

అలాంటివాళ్లు పత్తి మోళ్లలో, వరి కొయ్యల్లో ఉత్త కాళ్లతో తిరగొద్దు. నాటు వేసి వచ్చాక కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిబట్టతో తుడవాలి, తడి ఉంటే ఒరిసి పాస్తాయి. కొబ్బరినూనె మడిమలకే, సందుల్లో వద్దు. చలిమంట దగ్గర కాళ్లు కాచుకోవడం, ఉప్పేసిన వేడినీళ్లలో పెట్టడం మరీ ప్రమాదం. బొబ్బ లేచేదాకా కాలినట్టే తెలియదు. చెప్పులు తొడిగే ముందు దులపాలి. మెత్తని ఎంసీఆర్ (సన్నని గాలి బుడగలుండే రబ్బరు) అట్ట, వెనక పట్టీ ఉన్నవి సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది.

కార్తీకం వస్తే అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు ఎందరో. గురుస్వాములు మాల వేసే ముందే షుగరుందా అని అడిగి, ఉంటే చెప్పులు తొడుక్కోనివ్వాలి. ఒంటిపూట భిక్ష చేస్తూ పాత మోతాదులోనే గోలీలో ఇన్సులినో వేసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవాలి.

గాయమేమీ లేకుండా ఒక పాదం వాచి, రెండో దానికన్నా వెచ్చగా ఉంటే బెణికిందని తోమించొద్దు. లోపల ఎముకలు విరిగి కూలుతుండవచ్చు. ఆ కాలు నేల మోపకుండా వెంటనే దవఖానకు తీసుకుపోవాలి. చీము, వాసన, నల్లబడిన వేలు కనిపించినా అదే రోజు పోవాలి. నొప్పి లేదు కదా అని ఆగితే, స్పర్శ పోయిన కాలికి నొప్పి రానే రాదు.

– పాదాల పుండ్లకు కట్లు కట్టే నర్సులం, హనుమకొండ